పాటకి ఒక నంబర్, రికార్డింగ్‌కి ఇంకో నంబర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

సొంతంగా పాటలు చేసి ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్ళు పెరిగాక ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల తీరు కూడా మారింది. వ్యూస్ ఎలా పెంచాలి అని అడిగేవాళ్ళకి నా దగ్గర మందు లేదు. పాటలకీ రికార్డింగ్‌లకీ ఇచ్చే గుర్తింపు కోడ్‌ల గురించి అడిగినవాళ్ళకి మాత్రం ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా టీమ్ ఒక జానపద పాట రికార్డ్ చేసి, డిస్ట్రిబ్యూటర్ యాప్ ద్వారా స్పాటిఫై, జియోసావన్‌లలో పెట్టించాం. పాటకి ఐఎస్ఆర్‌సీ అని ఒక కోడ్ ఇచ్చారు. అది 'క్యూజెడ్' అని మొదలైంది. అది అమెరికా కోడ్ అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. మన పాట ఐఎన్‌తో మొదలవ్వాలి కదా? హక్కులు అమెరికా కంపెనీకి పోయాయేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, కరీంనగర్

మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, క్యూజెడ్ అమెరికాకి కేటాయించిన అక్షరాలే. అయినా మీ హక్కులు ఎక్కడికీ పోలేదు, కనీసం ఈ కోడ్ వల్ల పోలేదు. డిస్ట్రిబ్యూటర్ అగ్రిమెంట్‌లో ఏం రాసుందో అది వేరే సంగతి, అది మీరు చదివే ఉంటారు అనుకుంటాను (చదివి ఉండరు, ఎవరూ చదవరు, ఇవాళ రాత్రి కూర్చుని చదవండి).

ఐఎస్ఆర్‌సీ అంటే ఒక రికార్డింగ్‌ని ప్రపంచంలో ఇంకే రికార్డింగ్‌తోనూ కలిసిపోకుండా గుర్తుపట్టడానికి ఇచ్చే 12 అక్షరాల కోడ్. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వాళ్ళ 3901 నంబర్ ప్రమాణం ఇది, 1986లో వచ్చింది. ఉదాహరణకి నేను ఊహించి రాసిన ఈ కోడ్ చూడండి: ఐఎన్-ఏ1బీ-24-00007. మొదటి రెండు అక్షరాలు ఏ దేశం ఏజెన్సీ ఇచ్చిందో చెప్పేవి, తర్వాతి మూడు ఆ ఏజెన్సీ దగ్గర కోడ్ తీసుకున్న కంపెనీవి. ఈ అయిదూ కలిపి 'ప్రిఫిక్స్' అంటారు, 2019లో వచ్చిన కొత్త ప్రమాణంలో అయిదింటినీ ఒకే ముక్కగా చూడమన్నారు. తర్వాత 24 అంటే కోడ్ ఇచ్చిన సంవత్సరం. పాట రికార్డ్ చేసిన సంవత్సరం కాదు! 2019లో పాడి హార్డ్‌డిస్క్‌లో పడేసిన పాటకి 2024లో కోడ్ తీసుకుంటే 24 అనే ఉంటుంది. చివరి అయిదు అంకెలు ఆ ఏడాది ఆ కంపెనీ ఇచ్చిన వరస నంబర్, అంటే ఒక ప్రిఫిక్స్ మీద ఏడాదికి లక్ష కోడ్‌లు ఇచ్చుకోవచ్చు. మధ్యలో కనిపించే గీతలు మన కంటికోసమే, ఫారాల్లో నింపేటప్పుడు గీతలు లేకుండా 12 అక్షరాలూ కలిపి కొట్టండి.

ఇంతకీ మీ ప్రశ్న. మీ డిస్ట్రిబ్యూటర్ తన ప్రిఫిక్స్ అమెరికాలో తీసుకున్నాడు, అందుకే మీకు ఆ అక్షరాలు వచ్చాయి, అంతే. అమెరికాకి మొదట యూఎస్ అన్న రెండక్షరాలే ఉండేవి, అవి చాలక క్యూఎం, క్యూజెడ్ లాంటివి కలిపారు. ఏపీ నంబర్ ప్లేటు ఉన్న బండి హైదరాబాద్‌లో తిరుగుతోందంటే ఓనర్ విజయవాడలోనే ఉన్నాడని కాదు కదా, ఇదీ అలాంటిదే. రేపు మీరు ఆ రికార్డింగ్‌ని వేరే లేబుల్‌కి అమ్మినా కోడ్ మారదు, మారకూడదు. ఓనర్ ఎవరో చెప్పడం ఆ కోడ్ పనే కాదు.

ఐఎన్ ప్రిఫిక్సే కావాలనుకుంటే మన దేశంలో ఆ పని చూసేది ముంబైలోని ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ, అందరూ ఐఎంఐ అంటారు. వాళ్ళకి దరఖాస్తు చేసుకుంటే మీ పేరు మీదే ప్రిఫిక్స్ వస్తుంది. అన్ని దేశాలకీ కలిపి పైన చూసేది లండన్ కేంద్రంగా ఉన్న ఐఎఫ్‌పీఐ, రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం. ఏడాదికి రెండు మూడు పాటలు చేసేవాళ్ళు అంత దూరం వెళ్ళక్కర్లేదు అని నా అభిప్రాయం. వరసగా పాటలు దించే చానల్ అయితే మాత్రం సొంత ప్రిఫిక్స్ తీసుకోండి, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, మీరు అడగలేదు కానీ చెప్తాను. 'జానపద పాట' అన్నారు. నిజంగా పాత పాటేనా, ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర సేకరించిందా, లేక జానపదం బాణీలో మీ టీమ్‌లో ఎవరో కొత్తగా రాసిందా? యూట్యూబ్‌లో ఇప్పుడు ఫోక్ అని తిరిగేవాటిలో చాలావరకు రెండో రకమే. కానీ ఫారంలో రచయిత అన్న గడిలో 'ఫోక్' అనో 'ట్రెడిషనల్' అనో కొట్టేసి వదిలేస్తారు. అలా కొడితే ఈ పాటకి రచయిత అంటూ ఎవరూ లేరు అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. రాసినవాళ్ళ పేరు అక్కడ ఉండాల్సిందే.

ప్రశ్న: ఒక చానల్ కోసం పాట రాశాను, బాగా ఆడింది. చానల్ వాళ్ళని రాయల్టీ అడిగితే 'పాటకి ఐఎస్ఆర్‌సీ మా పేరు మీద ఉంది, మీకు ఒకేసారి డబ్బులు ఇచ్చేశాం కదా' అన్నారు. ఇక నాకేమీ రాదా? – ఒక గేయ రచయిత, రాజమహేంద్రవరం

వాళ్ళు చెప్పింది సగం నిజం, ఆ సగంతోనే చాలామంది నోరు మూయిస్తున్నారు.

మనం 'పాట' అనేదాన్ని చట్టం విడివిడిగా చూస్తుంది. మీరు రాసిన మాటలు సాహిత్యం కింద వస్తాయి, ట్యూన్ సంగీతం కింద, స్టూడియోలో తయారైన రికార్డింగ్ ఇంకోటి. మన 1957 కాపీరైట్ చట్టంలో సంగీతం అంటే మాటలు కలపని సంగీతమే అని స్పష్టంగా రాసుంది. ఐఎస్ఆర్‌సీ చివరిదానికి, రికార్డింగ్‌కి మాత్రమే. మాటలూ ట్యూనూ కలిసిన పాటకి ఇంకో కోడ్ ఉంది, దాని పేరు ఐఎస్‌డబ్ల్యూసీ. చానల్ వాళ్ళ చేతిలో ఉన్నది ఐఎస్ఆర్‌సీ. మీరు అడగాల్సింది ఐఎస్‌డబ్ల్యూసీ.

ఐఎస్‌డబ్ల్యూసీ 'టీ' అక్షరంతో మొదలై, తర్వాత 9 అంకెలు, చివర ఒక తనిఖీ అంకెతో ఉంటుంది. మొట్టమొదటి కోడ్ 1995లో స్వీడన్ బృందం ఆబా పాట 'డ్యాన్సింగ్ క్వీన్'కి ఇచ్చారు: టీ-000.000.001-0. చివర ఆ సున్నా ఎలా వచ్చిందో చూస్తే సరదాగా ఉంటుంది. మొదటి అంకెని 1తో, రెండోదాన్ని 2తో, అలా తొమ్మిదోదాన్ని 9తో హెచ్చవేసి అన్నీ కూడి, దానికి ఇంకో 1 కలపాలి. ఇక్కడ తొమ్మిదో స్థానంలోనే 1 ఉంది కాబట్టి 9, దానికి 1 కలిపితే 10. దాన్ని పదుల లెక్కకి నిండు చేయడానికి ఇంకెంత కావాలి? సున్నా. అదే చివరి అంకె. ఎవరో తొందరలో 001 బదులు 010 అని కొట్టారనుకోండి, అప్పుడు 8కి 1 కలిపి 9, పదికి ఒకటి తక్కువ, చివర 1 రావాలి కానీ సున్నా ఉంది, కంప్యూటర్ అక్కడే పట్టేస్తుంది. ఐఎస్ఆర్‌సీకి ఇలాంటి తనిఖీ అంకె లేదు. ఒక్క అంకె తప్పు కొట్టారంటే మీ లెక్క వేరేవాళ్ళ పాట ఖాతాలో కలిసే ప్రమాదం ఉంది, అందుకే దాన్ని చేత్తో కొట్టకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి.

ఈ రెండో కోడ్ మీకు యాప్ ఇవ్వదు, డిస్ట్రిబ్యూటర్ ఇవ్వడు. రచయితలూ స్వరకర్తలూ సభ్యులుగా ఉండే సొసైటీలో పాట నమోదు చేస్తే వస్తుంది. మన దేశంలో అది ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది, ముంబైలోనే. ఇలాంటి సొసైటీలన్నిటినీ కలిపే అంతర్జాతీయ సంస్థ సీసాక్, ఈ కోడ్ నిర్వహణ దానిదే. సభ్యత్వం తీసుకుంటే మీకు ఐపీఐ అని ఒక నంబర్ కూడా వస్తుంది, అది పాటది కాదు, మనిషిది. అదే పేరుతో ఇంకో రచయిత ఉన్నా గొడవ లేకుండా మీ వాటా మీకు చేరడానికి అది. కలం పేరుతో రాసేవాళ్ళు ఆ పేరు కూడా నమోదు చేయించుకోవాలి.

నమోదు చేసేటప్పుడు రాసిందెవరు, ట్యూన్ కట్టిందెవరు, ఎవరి వాటా ఎంత అని చెప్పాలి. ఇక్కడే గొడవలొస్తాయి. పాట హిట్టయ్యాక వాటాల గురించి మాట్లాడుకోవడం అంత కష్టమైన పని ఇంకోటి లేదు, స్నేహాలు పోయినవాళ్ళని చూశాను. స్టూడియోలోంచి బయటికొచ్చే ముందే ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఉన్నా ఏమీ లేనిదానికన్నా నయమే.

ఇక 'ఒకేసారి ఇచ్చేశాం' అన్న మాట. 2012లో చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం పాటని ఔట్‌రైట్‌గా ఇచ్చేసినా, రాయల్టీలో సగం వాటా అందుకునే హక్కుని రచయితా స్వరకర్తా కంపెనీకి రాసిచ్చేయడం కుదరదు. వారసులకి ఇవ్వొచ్చు, వసూలు చేసి పంచడానికి సొసైటీకి ఇవ్వొచ్చు, అంతే. సినిమా పాటకైతే థియేటర్లో సినిమాతో పాటు ప్రదర్శించడానికి ఇది వర్తించదు, మిగతా వాడకాలకి వర్తిస్తుంది. కాబట్టి చానల్‌తో పోట్లాడుతూ కూర్చోకుండా ముందు ఐపీఆర్ఎస్‌లో చేరండి. పాట పేరుని ఎన్ని రకాలుగా రాస్తారో అవి కూడా రాయించండి: ఇంగ్లిష్‌లో మన పాటల పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, 'బతుకమ్మ'లో తకి హెచ్ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు. ఈ తేడాలన్నీ ప్రత్యామ్నాయ పేర్ల గడిలో ఇస్తే లెక్క కుదర్చడం తేలిక.

ప్రశ్న: నేను సంగీతం టీచర్ని. నా శిష్యురాళ్ళతో అన్నమయ్య కీర్తన పాడించి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అన్నమయ్య పోయి 500 ఏళ్ళు దాటింది. ఇదేం అన్యాయం? – ఒక పాఠకురాలు, తిరుపతి

మీ కోపం అర్థమైంది అమ్మా, కానీ క్లెయిమ్ ఎందుకొచ్చిందో చూడకుండా అన్యాయం అనలేం.

అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అయితే తిరుమలలో దొరికిన రాగి రేకుల మీద కీర్తన, దాని రాగం పేరు ఉన్నాయి కానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే ట్యూన్లు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ లాంటివాళ్ళు కట్టినవి. 'నానాటి బతుకు నాటకము' అనగానే మీ చెవిలో మోగే రేవతి రాగం ట్యూన్ నేదునూరి గారిది. మన చట్టంలో సంగీతానికి స్వరకర్త బతికి ఉన్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు రక్షణ. నేదునూరి గారు 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా. రాళ్ళపల్లి వారు 1979లో పోయారు, 2039 చివరిదాకా. ఆ హక్కులు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి, వాళ్ళు పట్టించుకుంటారా లేదా అన్నది మళ్ళీ వేరే.

కోడ్‌ల లెక్కలో చెప్పాలంటే, ఒకే సాహిత్యానికి రెండు వేరువేరు ట్యూన్లు ఉంటే అవి రెండు కృతులు, రెండు ఐఎస్‌డబ్ల్యూసీలు. అదే ట్యూన్‌ని వందమంది పాడి విడుదల చేస్తే ఐఎస్‌డబ్ల్యూసీ ఒకటే, ఐఎస్ఆర్‌సీలు వంద. మీ శిష్యురాళ్ళు పాడిన రికార్డింగ్ విడుదల చేస్తే దానికీ కొత్తగా ఒక ఐఎస్ఆర్‌సీ వస్తుంది, ఆ రికార్డింగ్ మీదే.

క్లెయిమ్‌లు పట్టే యూట్యూబ్ ప్రోగ్రామ్ 'కంటెంట్ ఐడీ' మాత్రం ఈ కోడ్‌లు చూసి పట్టుకోదు. అది శబ్దాన్ని శబ్దంతో పోలుస్తుంది. మీ యూట్యూబ్ స్టూడియో పేజీలో క్లెయిమ్ వివరాలు తెరిచి, వాళ్ళు అడుగుతున్నది రికార్డింగా, మెలొడీయా చూడండి. మెలొడీ అని ఉంటే పైన చెప్పిన ట్యూన్ వ్యవహారం కావచ్చు. రికార్డింగ్ అని ఉండి, అందులో మీ పిల్లల గొంతులూ మీ తంబురా తప్ప ఇంకెవరి ఆడియో లేకపోతే, అది మిషన్ పొరపాటే. ఒకే రాగం, ఒకే శృతి, ఒకే వరసలో పాడే మన సంగీతంలో ఇలాంటి పొరపాట్లు మామూలే. డిస్ప్యూట్ నొక్కి 'ఇది మా సొంత రికార్డింగ్' అని రాయండి, అవతలివాళ్ళు 30 రోజుల్లో తేల్చాలి, పలకకపోతే క్లెయిమ్ పోతుంది. శృతి బాక్స్ బదులు నెట్‌లో దొరికిన రెడీమేడ్ ట్రాక్ మీద పాడించి ఉంటే మాత్రం ముందు ఆ ట్రాక్ ఎవరిదో చూసుకోండి, డిస్ప్యూట్ తర్వాత.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్ని మారిస్తే నా పాట ప్లే కౌంట్ సున్నా అయిపోయింది. ఎందుకు? – వరంగల్

కొత్తాయన దగ్గర అప్‌లోడ్ చేసేటప్పుడు 'ఇంతకుముందే ఐఎస్ఆర్‌సీ ఉందా' అన్న గడిని ఖాళీగా వదిలేసి ఉంటారు. ఖాళీగా ఉంటే కొత్త కోడ్ ఇచ్చేస్తారు, స్పాటిఫైకి అది కొత్త పాట. పాత డిస్ట్రిబ్యూటర్ డ్యాష్‌బోర్డ్‌లోంచి పాత కోడ్ తీసి, అదే ఆడియో ఫైలు, అదే పేరు, అవే ఆర్టిస్టుల పేర్లతో మళ్ళీ పంపించండి, చాలాసార్లు కౌంట్ కలుస్తుంది. పాత ఖాతా మూసేశారా? ఐఎఫ్‌పీఐ వాళ్ళ ఐఎస్ఆర్‌సీ సెర్చ్ పేజీలో పాట పేరు కొట్టి చూడండి, ఉచితమే. ఈసారి మారేటప్పుడు కొత్త చోట పాట లైవ్ అయ్యాకే పాత చోట తీయించండి.

ప్రశ్న: ఒకే పాటకి డీజే మిక్స్, లైవ్ వెర్షన్, వీడియో సాంగ్ ఉన్నాయి. అన్నిటికీ ఒకే కోడ్ చాలదా? – నిజామాబాద్

చాలదు. రీమిక్స్‌కి వేరే, లైవ్‌కి వేరే, కరోకే ట్రాక్‌కి వేరే, వీడియోకి కూడా ఆడియోతో సంబంధం లేకుండా వేరే ఐఎస్ఆర్‌సీ. రేడియో కోసం పాటని కత్తిరించినా నిడివిలో తేడా 10 సెకన్లు దాటితే కొత్త కోడే. ఎంపీ3ని వేరే ఫార్మాట్‌లోకి మార్చారు, సౌండ్ కొంచెం పెంచారు, ఇలాంటివాటికి అక్కర్లేదు, పాత కోడే వాడాలి. సింగిల్‌గా వచ్చిన పాటే తర్వాత ఆల్బమ్‌లో చేరితే అప్పుడూ పాత కోడే, ఆల్బమ్‌కి మాత్రం యూపీసీ అని బార్‌కోడ్ నంబర్ ఉంటుంది, దీన్నీ దాన్నీ కలపకండి. నాలుగు పాత పాటలు కలిపి మెడ్లీ చేస్తే ఐఎస్ఆర్‌సీ ఒకటే, దాని వెనక నాలుగు ఐఎస్‌డబ్ల్యూసీలు, నలుగురి అనుమతులు. మెడ్లీలు చేసేవాళ్ళు ఈ చివరి ముక్క మర్చిపోతారు.

ప్రశ్న: ఐఎస్ఆర్‌సీ ఉంటే కాపీరైట్ రిజిస్టర్ అయినట్టేనా? – గుంటూరు

కాదు. పక్కవాడి పాట దొంగిలించి అప్‌లోడ్ చేసినవాడికి కూడా యాప్ ఐఎస్ఆర్‌సీ ఇస్తుంది. అది గుర్తింపు నంబర్, పట్టా కాదు. కాపీరైట్ మీరు పాట చేసిన క్షణం నుంచే ఉంది. రుజువు కావాలంటే ప్రాజెక్ట్ ఫైళ్ళు, డ్రాఫ్ట్‌లు, తేదీలతో ఉన్న మెయిల్స్ దాచుకోండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను, ట్యూన్ నాది, బీఎంఐ (ఇక్కడి రచయితలు, స్వరకర్తల సొసైటీ) సభ్యుడిని. సాహిత్యం హైదరాబాద్‌లో ఉండే మా బావ రాశారు. పాటని ఇద్దరం రెండు చోట్లా నమోదు చేస్తే రెండు ఐఎస్‌డబ్ల్యూసీలు వస్తాయా? – ఒక ప్రవాస పాఠకుడు

రాకూడదు, కానీ వివరాలు తేడాగా ఇస్తే వస్తాయి. మీరు బీఎంఐలో, మీ బావగారు ఐపీఆర్ఎస్‌లో నమోదు చేయొచ్చు. పాట పేరు, ఇద్దరి పేర్లు, ఇద్దరి ఐపీఐ నంబర్లు, వాటాలు రెండు చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే సీసాక్ వ్యవస్థ ఒకే కృతిగా గుర్తుపడుతుంది. ఇక్కడ 50–50 అని, అక్కడ 60–40 అని రాశారంటే రెండు వాటాలూ ఆగిపోతాయి, అప్పుడు ఫోన్లో మీ బావగారితో తేల్చుకోవాల్సింది మీరే. ఒకరు ముందు చేసి, వచ్చిన కోడ్‌ని రెండోవారికి పంపడం అన్నిటికన్నా సుఖం. సీసాక్ వాళ్ళ ఐఎస్‌డబ్ల్యూసీనెట్‌లో వెతికితే కోడ్ కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇంకోటి. బీఎంఐ వసూలు చేసేది పాట వినిపించినందుకు వచ్చే డబ్బు మాత్రమే. స్ట్రీమింగ్‌లో మెకానికల్ రాయల్టీ (పాటని కాపీ చేసి అందించినందుకు వచ్చేది) అని ఇంకో భాగం ఉంది, అక్కడ దాన్ని పంచేది ఎంఎల్‌సీ అనే సంస్థ. 2018 అమెరికా చట్టం కింద పెట్టారు, 2021 జనవరి నుంచి పని మొదలుపెట్టింది. అది మొదలైన కొద్ది వారాలకే, ఎవరికివ్వాలో తెలియక స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర పేరుకుపోయిన పాత రాయల్టీ 42 కోట్ల 40 లక్షల డాలర్లు దానికి అప్పజెప్పారు. డబ్బు ఉంది, పాట ఉంది, విన్నవాళ్ళు ఉన్నారు, ఈ రికార్డింగ్ వెనక ఉన్న పాట ఎవరిదో చెప్పే వివరం లేదు. మీకు పబ్లిషర్ ఎవరూ లేకపోతే ఎంఎల్‌సీలో మీరే సభ్యుడిగా చేరొచ్చు, ఫీజు లేదు. అక్కడ పాట నమోదు చేసేటప్పుడు ఐఎస్‌డబ్ల్యూసీతో పాటు మీ రికార్డింగ్ ఐఎస్ఆర్‌సీ కూడా ఇచ్చే గడి ఉంటుంది, ఆ గడి నింపకుండా సేవ్ నొక్కకండి. పాట సింగిల్‌గా, ఆల్బమ్‌లో, వేరే గాయని గొంతుతో ఇంకోసారి వచ్చి ఉంటే ఉన్న ఐఎస్ఆర్‌సీలన్నీ ఇవ్వండి.